దెయ్యాల టూరులో చుండూరు ఉండదు

దెయ్యాల టూరిజం మీద నా అభ్యంతరం దెయ్యాలు ఉన్నాయా లేవా అన్న దగ్గర కాదు. ఆ తగువు మా గుంటూరు జిల్లాలో చాలాకాలంగా నడుస్తూనే ఉంది. హేతువాదులకు కొదవలేని జిల్లా ఇది, తాయెత్తులు కట్టేవాళ్ళకూ కొదవలేదు. ఇద్దరూ ఒకే టీకొట్టు దగ్గర కూర్చుని వాదించుకుంటారు, సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఏ చావు దెయ్యమవుతుంది, ఏది కాదు, ఆ కథలో ఎవరి పేరు మిగులుతుంది, ఎవరిది పోతుంది? అడగాల్సింది అదీ.

కొంతకాలంగా ఫోన్ తెరిస్తే చాలు, 'హాంటెడ్ ప్లేసులు' వచ్చి పడుతున్నాయి. అర్ధరాత్రి పాడుబడ్డ కోట, పచ్చటి నైట్ విజన్ కెమెరా, చేతిలో లైట్లు మిణుకుమనే మీటరు ఒకటి, "ఫ్రెండ్స్, ఇప్పుడే ఏదో సౌండ్ వచ్చింది" అని గుసగుస. గోడ మీద బల్లి కదిలినా సౌండే. దాని తర్వాతి మెట్టు కారు టూరు: ఒక వీకెండు, నలుగురు ఫ్రెండ్స్, ఐదు చోట్లు. రాజస్థాన్‌లో భాన్‌గఢ్ ఇలాగే జనంతో నిండిపోయింది. సూర్యాస్తమయం తర్వాత లోపలికి రాకూడదని పురావస్తు శాఖ పెట్టిన బోర్డే ఆ కోటకు పెద్ద ప్రకటన అయింది. పురావస్తు శాఖ చాలా చోట్ల సాయంత్రం కాగానే గేటు వేస్తుంది. అమరావతి స్తూపం దగ్గరా అంతే. అక్కడ దెయ్యం ఉందని ఎవరూ అనలేదు. వాచ్‌మన్ ఇంటికి పోవాలి గదా అని మాత్రమే అనుకున్నాం.

మనకూ అలాంటిది ఒకటి ఉండాలి అనే మాట ఇప్పుడు మా వైపు కూడా వినపడుతోంది. పొన్నూరులో బయల్దేరి కొండవీడు, అమరావతి, చేబ్రోలు, భట్టిప్రోలు దిబ్బ, మధ్యలో ఒకటి రెండు కూలిన బంగళాలు చూసుకుని రెండు రోజుల్లో తిరిగొచ్చేయొచ్చని మావాళ్ళే ఒకరు లెక్క వేసి మరీ చూపించారు. డీజిలు ఖర్చుతో సహా. ఆ రూటు మీద నాకు తగువేమీ లేదు. ఆ దారిలో ఉన్న ప్రతి చోటూ చూడదగ్గదే. చూడమనేదే నేను కూడా. అక్కడికి తీసుకెళ్ళి ఏం చెబుతారు అన్నదగ్గర పేచీ.

ముందు ఊళ్ళో దెయ్యం కథ ఎలా పుడుతుందో చెప్పుకుందాం. మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక చేదబావి ఉండేది. నీళ్ళు తోడటం ఎప్పుడో మానేశారు. మిట్టమధ్యాహ్నం అటు వెళ్ళొద్దని పెద్దవాళ్ళు కేకలేసేవాళ్ళు. అందులో ఎవరో కోడలు పడి చచ్చిపోయిందట. పోలీసులకు చెప్పిన మాట "కాలుజారి పడింది". ఊరు చెప్పుకునే మాట "దెయ్యమై తిరుగుతోంది". ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కాలుజారి పడ్డ మనిషి దెయ్యం కావలసిన పని లేదు. ఆయుష్షు తీరక, కడుపు మండి పోయినవాళ్ళే గదా మన లెక్కలో దెయ్యాలు. అంటే పంచనామా మీద వేలిముద్ర వేసిన ఆ ఊరే, దెయ్యం కథ చెప్పుకుంటూ ఆ పంచనామా అబద్ధమని ఒప్పుకుంటోంది. సగమే ఒప్పుకుంటోంది. అత్త పేరు చెప్పదు, మొగుడి పేరు చెప్పదు. బావిలో ఏదో ఉందని మాత్రం అంటుంది. పల్లెటూరి దెయ్యం కథలో విలువైనది నా దృష్టిలో ఈ సగం ఒప్పుకోలే.

ఆ మాటకొస్తే మా పత్తి, మిరప నేలల్లో చావులకేం తక్కువ? 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ తర్వాతా ఆగలేదు. ఆ రైతుల్లో ఒక్కడు కూడా దెయ్యమై చేలో తిరుగుతున్నాడని నేను వినలేదు. అప్పిచ్చినవాడి కొట్టు ముందు రాత్రిళ్ళు నిలబడుతున్నాడనీ వినలేదు. మన దెయ్యాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ బాలింతలు, కోడళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళలో చాలామందికి చదువు రాని రోజుల్లో కూడా దెయ్యానికి మాత్రం తలుపు మీద రాసిన 'ఓ స్త్రీ రేపు రా' చదవటం వచ్చు. చదివి, మర్యాదగా వెనక్కి పోయి, మళ్ళీ రేపు రావటం కూడా వచ్చు. ఇంత అణకువగల దెయ్యాన్ని ఏ దేశంలోనూ చూడం.

టూరు చేసే పని ఏమిటంటే, ఈ సగం ఒప్పుకోలును కూడా తీసేయటం. బయటి ఊరి నుంచి వచ్చినవాడికి ఆ కోడలెవరో తెలియదు, తెలియనక్కర్లేదు. వాడికి కావలసింది ఒళ్ళు జలదరింపు. ఊళ్ళోవాళ్ళకి ఆ బావి దగ్గర పుట్టే భయంలో తప్పుచేసిన భావం కొంత ఉంటుంది. టిక్కెట్టు కొని వచ్చినవాడి భయంలో అది ఉండదు.

ఇక కారెక్కుదాం. పడమటగా మొదట కొండవీడు. కొండ మీదికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది, సుఖంగా ఎక్కొచ్చు. కొండ కింద గోపీనాథస్వామి గుడి దగ్గర 'కత్తుల బావి' ఉంది. టూరు గైడుకి ఇంతకంటే మంచి పేరు దొరకదు. కథ కూడా సిద్ధంగా ఉంది: కృష్ణదేవరాయల తరఫున రామయభాస్కరుడనే మంత్రి, తిరగబడతారనుకున్న రెడ్డి దొరల్ని దేవుడి దర్శనానికని పిలిచి, ఒక్కొక్కరినీ లోపలికి పంపి, చీకట్లో కత్తులు నాటిన బావిలో పడేశాడని. డెబ్బై ఇద్దరంటారు, ఇంకా ఎక్కువంటారు. మన వైపు దీన్ని చరిత్రగానే చెబుతారు. చరిత్ర అడిగే ప్రశ్న ఒకటుంది. రాయలు కొండవీడు పట్టుకున్నది 1515లో. అప్పుడా కోట గజపతుల చేతిలో ఉంది. రెడ్ల రాజ్యం పోయి అప్పటికే దాదాపు తొంభై ఏళ్ళు. మరి రాజ్యం పోయిన రెడ్డి దొరల్ని అంత కుట్ర పన్ని చంపవలసిన అవసరం ఎందుకొచ్చింది? కొత్త రాజు వచ్చినప్పుడు ఊళ్ళ మీద పెత్తనం చేసే పాతవాళ్ళు ఏమయ్యారు? కథ అబద్ధమైనా ఈ ప్రశ్న నిజమైనదే. బావి దగ్గర నిలబడి అడగవలసిన ప్రశ్న ఇది. అదే కొండవీటిలో రాచవేమారెడ్డి పురిటికి సుంకం వేశాడనీ, ఆ కసితో సవరం ఎల్లయ్య అనే బంటు అతన్ని పొడిచి చంపాడనీ ఇంకో కథ ఉంది. బిడ్డ పుడితే పన్ను! దీనికి మటుకు దెయ్యం లేదు. చచ్చిన రాజు దెయ్యం కాలేదు, సుంకం కట్టలేని బాలింతలూ కాలేదు. అందుకని టూరులో దీనికి ఐదు నిమిషాలు కూడా దక్కవు.

అక్కడి నుంచి అమరావతి. ఈ దారిలో నా ఒళ్ళు నిజంగా జలదరించేది ఒక ఊరి పేరు విన్నప్పుడు: నరుకుళ్ళపాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పద్దెనిమిదో శతాబ్దం చివర తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చుకున్న జమీందారు. దోపిళ్ళు చేస్తున్నారని చెంచుల్ని విందుకు పిలిపించి వందల మందిని నరికించాడనీ, ఆ నరికిన చోటే నరుకుళ్ళపాడనీ అంటారు. ఆ తర్వాత ఆయన అన్నానికి కూర్చుంటే కంచంలో అన్నం పురుగులై కనపడేదట. ఆ పాపం పోవటానికే అమరేశ్వరుణ్ణి ఆశ్రయించాడనీ, గుళ్ళు కట్టించాడనీ అంటారు. మంగళగిరి గాలిగోపురం ఆయనదే, పొన్నూరు దారిలో చేబ్రోలు కోనేటి మధ్య ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడీ ఆయనదే.

ఈ కథ చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ ఒకే తీరుగా. పురుగులు రాజుగారి కంచంలో పడతాయి, బాధ రాజుగారిది, పశ్చాత్తాపం రాజుగారిది, గోపురం రాజుగారిది. చెంచులు? వాళ్ళు ఒక అంకె. ఐదువందలో ఆరువందలో. ఒక్క చెంచు పేరు లేదు. ఆ విందుకి పిల్లల్ని తీసుకొచ్చారా, ఏ అడవి నుంచి వచ్చారు, వాళ్ళు దోచారన్న మాట ఎవరు చెప్పింది, రాజుగారేనా? కథలో వాళ్ళు దెయ్యాలుగా కూడా తిరగరు. దెయ్యమయ్యే హక్కు కూడా వాళ్ళకి దక్కలేదు, పురుగులయ్యారు, అదీ రాజు కళ్ళకే. టూరు గైడు దీన్ని ఇంకాస్త సాగదీసి, గుడి వెనక రాత్రిళ్ళు ఏడుపులు వినపడతాయని చేరుస్తాడు. చేర్చమనండి. కానీ నరుకుళ్ళపాడులో కారు ఆపి, ఈ ఊరి పేరే ఒక ఎఫ్ఐఆర్ అని మాత్రం చెప్పడు. ఎక్కడా కేసు నమోదు కాని చావులకి, ఊరి పేరు రూపంలో మిగిలిన కాగితం అది.

రెండో రోజు తూర్పుగా, భట్టిప్రోలు. అక్కడి బౌద్ధ స్తూపాన్ని ఊళ్ళోవాళ్ళు ఒకప్పుడు 'లంజదిబ్బ' అనేవాళ్ళు. అమరావతి స్తూపపు దిబ్బకి 'దీపాలదిన్నె' అన్న అందమైన పేరు దక్కింది, భట్టిప్రోలుకి ఈ పేరు దక్కింది. ఆ తిట్టు వెనక ఎవరి పగ ఉందో ఊహించటం కష్టం కాదు. అలాంటి దిబ్బ చుట్టూ రాత్రిళ్ళు గజ్జెల చప్పుడు పుట్టించటం ఏ గైడుకైనా చిటికెలో పని. జరిగిన సంగతి అంతకంటే భయంకరం. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దిబ్బ ఇటుకలు రోడ్డుకీ, చెక్కిన పాలరాళ్ళు వెల్లటూరు దగ్గర కాలవ లాకుకీ పోయాయి. చేసింది దొంగలు కాదు, సర్కారు ఇంజనీర్లు. మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద క్రీస్తుకు ముందటి బ్రాహ్మీ లిపి. బ్యూలర్ చదివి చూస్తే అందులో ఉన్నవి ఎక్కువగా పేర్లే: ఆ ధాతువుల్ని భద్రం చేయటానికి చేతులు కలిపిన మామూలు మనుషుల పేర్లు, కుబిరకుడనే రాజు పేరు. రెండువేల ఏళ్ళ పైబడి రాయి లోపల పేర్లు పదిలంగా ఉన్నాయి. రాయి బయట ఊరి నోట్లో మాత్రం లంజదిబ్బ మిగిలింది. ఆ బయటి పేరు అంతగా చెడిపోబట్టే, కంట్రాక్టరు బండి వచ్చినప్పుడు అడ్డుపడ్డవాడు లేడని నా అనుమానం. దెయ్యాల కొంప అని పేరుపడ్డ ఏ ఇంటికైనా చివరికి జరిగేది అదే గదా. రేటు పడిపోతుంది, ఎవడో చవగ్గా కొని పడగొడతాడు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఘోస్ట్ టూర్లు పెద్ద వ్యాపారం. సవానా, న్యూ ఆర్లియన్స్ ఊళ్ళలో రాత్రిళ్ళు లాంతర్లు పట్టుకుని తిప్పుతారు. టయా మైల్స్ అనే చరిత్రకారిణి ఆ టూర్లన్నీ ఎక్కి 2015లో ఒక పుస్తకం రాశారు. సవానాలో ఒక భవంతిలో 'మోలీ' అనే బానిస యువతి దెయ్యం ఉందని చెబితే, ఆ మోలీ ఎవరని ఆమె రికార్డులు వెతికారు. ఆధారం దొరకలేదు. నిజంగా ఆ ఇళ్ళలో వెట్టిచేసి చచ్చిన నల్లవాళ్ళ గురించి చెప్పేవాడు లేడు, కల్పించిన మోలీకి మాత్రం రోజూ రాత్రి ఆట ఉంది. యజమానితో ప్రేమ కథ కూడా. బానిసత్వం అన్న మాట టూరిస్టుల మూడు పాడుచేస్తుంది, ప్రేమలో ఓడిన దెయ్యం పాడుచేయదు.

"టూరిస్టులొస్తే కోటలు బాగుపడతాయి, నాలుగు డబ్బులొస్తాయి, పిల్లలకి చరిత్ర మీద ఆసక్తి పుడుతుంది" అంటారు. డబ్బులొస్తాయేమో. టీకొట్లు, పార్కింగు వాళ్ళు బతుకుతారు, వద్దనను. చరిత్ర మీద ఆసక్తి అన్నది మాత్రం నేను నమ్మను. మీటరు పట్టుకుని బావిలోకి తొంగిచూసినవాడు ఇంటికి పోయి కైఫీయత్తులు తీసి చదువుతాడా? వాడు ఇంకో బావి వెతుక్కుంటాడు. ఇంకోవైపు హేతువాద మిత్రులు "అసలు దెయ్యాల్లేవు, అన్నీ మూఢనమ్మకాలు" అని ఒక్కముక్కలో తేల్చేస్తారు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపే దేశంలో ఆ మాట గట్టిగా అనవలసిందే. కానీ దెయ్యం లేదని తేల్చాక బావి దగ్గర నుంచి లేచి వచ్చేయకూడదు. దెయ్యం లేకపోతే, ఆ కోడలెలా పోయింది? ఆ ప్రశ్న దగ్గర ఇంకాసేపు కూర్చోవాలి.

మనవాళ్ళకి అన్యాయంగా పోయినవాళ్ళతో వ్యవహరించే పద్ధతులు వేరే ఉన్నాయి. అత్తింట్లో పడరాని పాట్లు పడి అగ్నిలో దూకిన తిరుపతమ్మ పెనుగంచిప్రోలులో పేరంటాలైంది, ఏటా జనం వెళ్ళి మొక్కుతారు. బతికుండగా అన్నం పెట్టక చచ్చాక పొంగలి పెట్టటంలో ఉన్న మోసం నాకు తెలియనిది కాదు. అయినా ఆమెకు పేరుంది, ఆమె కథలో అత్త ఉంది. ఇంకా గొప్ప ఉదాహరణ పల్నాడులో కారంపూడి. పన్నెండో శతాబ్దంలో యుద్ధంలో పోయిన వీరుల కోసం ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు తిరునాళ్ళు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల ఆయుధాలు ఊరేగుతాయి. వీరవిద్యావంతులు కథ పాడతారు. పాడేది మాలలు. ఆ కథలో బ్రహ్మనాయుడి పక్కన మాల కన్నమదాసు సేనాని. అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడు అందులోదే. అంతమంది చచ్చిన చోటు గదా, దాన్ని హాంటెడ్ అనాలంటే ఏం అడ్డం? కానీ ఎవరూ అనరు. ఎందుకంటే చచ్చినవాళ్ళని అక్కడ ఏడాదికోసారి పేరుపెట్టి పిలుస్తారు. పిలిస్తే వచ్చేవాళ్ళు దెయ్యాలు కారు, చుట్టాలు.

ఈ మొత్తం దారిలో నేను అసలు అడగదలచుకున్న చోటు పొన్నూరుకి పక్కనే ఉంది. చుండూరు. దెయ్యాల లెక్కలో చూస్తే మా ప్రాంతంలో దాన్ని మించిన చోటు లేదు, మరి రూటులో ఎందుకు లేదు? 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని పట్టపగలు వెంటాడి చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి ముదిరి అక్కడికి వచ్చింది. పోలీసులు ఊళ్ళో ఉన్నారు. పొలాల్లోకి పరిగెత్తినవాళ్ళని నరికి, గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్లో, కాలవలో పడేశారు. శవాల్ని తెచ్చి ఊరి నడిమధ్యన పూడ్చుకున్నారు వాళ్ళ మనుషులు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. అది కూడా పోరాడితేనే. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. అప్పటికి పదహారేళ్ళు. తలుపు మీద 'రేపు రా' అని రాసినంత కాలమూ ఓపిగ్గా వెళ్ళి, మళ్ళీ మళ్ళీ వచ్చారు ఆ ఆడవాళ్ళు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది.

మరి ఆ ఎనిమిదిమందిని చంపిందెవరు? నరికిన కత్తులున్నాయి, కట్టిన గోనెసంచులున్నాయి, తేలిన శవాలున్నాయి. చేతులు మాత్రం ఎవరివీ కావు. ఆకారం లేకుండా వచ్చి మనుషుల్ని చంపి మాయమైపోయేదాన్ని తెలుగులో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. అక్కడ తిరిగే దెయ్యాలు చచ్చినవాళ్ళు కారు. కారంచేడులో 1985 జులై 17న మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవకి ఆరుగురిని చంపినప్పుడూ, బతికినవాళ్ళు ఊరు విడిచి చీరాల వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఊరిని వదిలిపెట్టింది బాధితులు. వదలకుండా పట్టుకుని ఉన్నది వేరే.

అందుకే టూరు రూటులో చుండూరు ఉండదు. నాలుగువందల ఏళ్ళు దాటిన చావయితే కథ, రెండువందల ఏళ్ళయితే శాపం, ముప్ఫై ఏళ్ళయితే మాత్రం "ఎందుకండీ పాత గొడవలు". చెంచుల నెత్తురుకి రంగు వెలిసింది కాబట్టి దాన్ని అమ్మొచ్చు. చుండూరు నెత్తురు కొనేవాళ్ళలో చంపినవాళ్ళ చుట్టాలు కూడా ఉంటారు, బేరం తెగదు.

పొన్నూరు దేవుడి పేరు సాక్షి భావనారాయణుడు. కాశీలో ఇచ్చిన మాట ఊరికొచ్చాక ఒకడు తప్పితే, సాక్ష్యం చెప్పటానికి అంత దూరం నుంచి ఇక్కడికి నడిచొచ్చాడని స్థలపురాణం. ఆయనకి దణ్ణం పెట్టుకునే బయల్దేరండి, గుడి నుంచి చుండూరు గంట కూడా పట్టదు. రాత్రి వెళ్ళక్కర్లేదు, మీటరు అక్కర్లేదు. ఆగస్టు 6న వెళితే రక్తక్షేత్రం దగ్గర జనం ఉంటారు. ఎనిమిది పేర్లూ వాళ్ళే చెబుతారు, రాసుకోవటానికి ఒక కాగితం తీసుకెళ్ళండి.